బిల్లింగ్ వెబ్‌సైటుకి ఆటోమేటెడ్ టెస్టులు: కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తకోడ్_పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, గజపతి జిల్లా. బీసీఏ అయ్యాక మా మావయ్యగారి బట్టల కొట్టుకి బిల్లింగ్ వెబ్‌సైట్ తయారుచేస్తున్నాను. బ్యాకెండ్ నోడ్, ఎక్స్‌ప్రెస్, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ఫ్రంటెండ్ రియాక్ట్. కొట్టుకి వచ్చేవాళ్లలో చాలామంది పాతపట్నం వైపు వాళ్లు. ఊరు దాటితే ఆంధ్రానే కదా. అందుకని రాష్ట్రం లోపలి బిల్లులకి సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) పడాలి, వేరే రాష్ట్రం బిల్లులకి ఐజీఎస్టీ పడాలి. డిస్కౌంట్లు, వాపసులు, అప్పు ఖాతాలు కూడా ఉన్నాయి.

ఏ చిన్న మార్పు చేసినా అన్ని స్క్రీన్లూ ఒక్కొక్కటీ నొక్కి చూసుకోవాల్సి వస్తోంది. కొట్టులో వాడకం మొదలయ్యేలోపే టెస్టులు, అంటే నా కోడ్‌ని తనంతట తానే సరిచూసే కోడ్, రాయడం అలవాటు చేసుకోవాలని ఉంది. కానీ నేను చూసిన వీడియోలన్నీ రెండూ మూడూ కలిపితే ఐదు వచ్చిందా అనే దగ్గరే ఆగిపోతున్నాయి. నిజమైన వెబ్‌సైటుకి ఎలా రాయాలి? టూల్ ఏది వాడాలి: జెస్టా, వైటెస్టా, బ్రౌజర్‌ని నడిపి చూసే ప్లేరైటా? నూరు శాతం కవరేజ్ (టెస్టుల్లో నడిచిన కోడ్ శాతం) ఉండాల్సిందేనా? టెస్టు ముందు రాసి కోడ్ తర్వాత రాయాలంటారు, అది కొత్తవాళ్లకి కుదురుతుందా?

బ్యాకెండ్_బరంపురం

తమ్ముడూ, టూల్ సంగతి చివర్లో చూద్దాం. ముందు ఒక ప్రశ్న వేసుకో: ఈ వెబ్‌సైట్‌లో ఏది తప్పితే మావయ్యగారికి డబ్బు పోతుంది, లేదా కొనేవాళ్ల దగ్గర మాట పోతుంది? నువ్వు రాసినదాన్ని బట్టి అది పన్ను లెక్క. టెస్టులు అక్కడే మొదలుపెట్టు. లాగిన్ పేజీ రంగు, మెనూ వరస ఇవన్నీ తర్వాత.

ఇప్పుడు పన్ను లెక్క ఎక్స్‌ప్రెస్ రూట్ (బ్రౌజర్ అడిగినదానికి జవాబిచ్చే కోడ్) లోపలే ఉందనుకుంటాను. దాన్ని బయటికి తీసి విడి ఫంక్షన్ చెయ్యి. దానికి డేటాబేస్ తెలియకూడదు, బ్రౌజర్ తెలియకూడదు. అమ్మేవారి రాష్ట్రం, సరఫరా చేరే రాష్ట్రం, మొత్తం, పన్ను రేటు ఇస్తే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, ఐజీఎస్టీ అనే మూడు అంకెలు తిరిగి ఇవ్వాలి, అంతే. అలాంటి ఫంక్షన్‌కి టెస్టు రాయడం కష్టం కాదు, వందల టెస్టులైనా రెప్పపాటులో నడుస్తాయి. డబ్బు ఎప్పుడూ పైసల్లో, పూర్ణాంకంగా పెట్టు. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. 1.005ని టుఫిక్స్‌డ్ (toFixed) అనే ఫంక్షన్‌తో రెండు దశాంశ స్థానాలకి రౌండ్ చేస్తే 1.01 రాదు, 1.00 వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. టెస్టులో "ఇంత రావాలి" అని రాసే అంకె కోడ్ నడిపి చూసి తెచ్చుకున్నది కాకూడదు. కొత్తవాళ్లలో చాలామంది ఫంక్షన్ నడిపి, వచ్చిన జవాబునే తెచ్చి టెస్టులో పెడతారు. అప్పుడు టెస్టు పాసవుతుంది గానీ అది కోడ్ సరైనదని చెప్పదు, కోడ్ నిన్నటిలాగే ఉందని మాత్రం చెబుతుంది. కొట్టులో పాత బిల్లు పుస్తకాలు ఉంటాయి కదా. గుమాస్తా చేత్తో వేసిన బిల్లులు తీసుకో. ఆ అంకెలే నీ టెస్టులు.

కొత్తకోడ్_పర్లాకిమిడి

అక్కా, బిల్లు పుస్తకం సంగతి నాకు తట్టనే లేదు. కార్బన్ కాపీలు అన్నీ ఉన్నాయి. కానీ అందులో ఏ బిల్లులు ఎంచుకోవాలి? వందలు ఉన్నాయి.

రాయగడ_అకౌంట్స్

నేను ప్రోగ్రామర్ని కాదు, రాయగడలో అకౌంట్స్ చూస్తాను. మా అమ్మాయి కోడింగ్ నేర్చుకుంటోందని ఈ గ్రూపులో ఉన్నాను. బిల్లుల విషయం కాబట్టి చెబుతాను.

బాబూ, మొదట మీ మావయ్యగారు రెగ్యులర్ స్కీములో ఉన్నారా, కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులకి ఉన్న సులభ పన్ను స్కీము) ఉన్నారా కనుక్కో. కాంపోజిషన్ అయితే కొనేవారి దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు, వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. అప్పుడు నీ ఫంక్షనే మారిపోతుంది.

రెగ్యులర్ అయితే ఈ బిల్లులు వెతుకు. ఒడిశాలోనే రిజిస్టర్ అయిన వ్యాపారికి అమ్మిన బిల్లు. పాతపట్నం వ్యాపారికి సరుకు పంపిన బిల్లు. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్: ఒడిశా 21, ఆంధ్రా 37, తెలంగాణ 36, మహారాష్ట్ర 27. ఇక అసలు చిక్కు రిజిస్ట్రేషన్ లేని మామూలు కొనుగోలుదారుతో. 2023 అక్టోబరు 1 నుంచి రూలు ఏమిటంటే, అలాంటివారి అడ్రసు బిల్లులో రాస్తే ఆ అడ్రసు ఉన్న రాష్ట్రమే సరఫరా స్థలం. రాష్ట్రం పేరు ఒక్కటి రాసినా అడ్రసు రాసినట్టే లెక్క. ఏమీ రాయకపోతే అమ్మేవారి స్థలం. అంటే పాతపట్నం ఆవిడ కౌంటరు దగ్గర ఒకే చీర కొన్నా, బిల్లులో ఆంధ్రప్రదేశ్ అని రాస్తే ఐజీఎస్టీ, ఖాళీగా వదిలేస్తే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. సరిహద్దు ఊళ్లలో ఇది రోజూ జరిగే విషయం. వేరే ఊరివాడు రాసిన సాఫ్ట్‌వేర్‌లో ఈ ఖాళీ గడి గురించి ఎవరూ ఆలోచించరు. నువ్వు ఆలోచించు.

గుణుపురం_క్యూఏ

పైన అకౌంట్స్ గారు చెప్పింది మళ్లీ ఒకసారి చదువుకో తమ్ముడూ. "ఖాళీగా వదిలేస్తే" అన్న మాట ఉంది చూశావా, అదే టెస్టు. ఫీల్డులో విలువ ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు, ఒక్క స్పేస్ మాత్రమే ఉన్నప్పుడు. మూడూ విడివిడి టెస్టులు. టెస్టుకి పేరు కూడా అలాగే పెట్టు: "అడ్రసు రాయని కొనుగోలుదారుకి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడాలి" అని. ఆరు నెలల తర్వాత టెస్టు ఫెయిలైతే ఆ పేరు చూడగానే ఏం చెడిందో తెలియాలి. టెస్ట్ ఒకటి, టెస్ట్ రెండు అని పేర్లు పెడితే ఎవరికీ ఉపయోగం లేదు.

అంచుల మీద దృష్టి పెట్టు. సున్నా రూపాయల బిల్లు, మొత్తం సరుకు వాపసు వచ్చిన బిల్లు, బిల్లు మొత్తం కన్నా డిస్కౌంటు ఎక్కువ పడ్డ సందర్భం.

కొత్తకోడ్_పర్లాకిమిడి

మావయ్యని అడిగాను, రెగ్యులర్ స్కీమే. మీరందరూ చెప్పినట్టు ఫంక్షన్ బయటికి తీసి, బిల్లు పుస్తకం పక్కన పెట్టుకుని టెస్టులు రాశాను. ఒక దగ్గర ఆగిపోయాను. 999 రూపాయల సరుకు, 5 శాతం పన్ను. ఐజీఎస్టీ అయితే 49.95. అదే ఒడిశా బిల్లు అయితే సగం సగం, 24.975 చొప్పున. ఒక్కోటి విడిగా రౌండ్ చేస్తే 24.98, రెండూ కలిపితే 49.96. ఒక పైసా తేడా వస్తోంది. ఏది సరైనది?

బ్యాకెండ్_బరంపురం

ఇది చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు నేను చెప్పకూడదు, నువ్వు ఊహించకూడదు. మీ ఆడిటర్‌ని అడిగి, ఆయన చెప్పిన రూలునే టెస్టు పేరుగా రాయి. టెస్టులు రాయడం వల్ల వచ్చే మొదటి లాభం ఇదే. కోడ్ రాసేటప్పుడు ఈ ప్రశ్న నీకు కనబడలేదు, టెస్టు రాయడానికి కూర్చుంటే కనబడింది.

రాయగడ_అకౌంట్స్

సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ రెండూ సమానంగా ఉండాలి, అది మాత్రం మరిచిపోకు. మిగిలిన పైసా ఒకదానిలో వేసి సర్దేయకు. రౌండింగ్ ఒక్కో వస్తువు మీదా, మొత్తం బిల్లు మీదా అన్నది మీ ఆడిటర్ ఎలా లెక్కిస్తే అలా. కానీ అన్ని బిల్లుల్లోనూ ఒకేలా ఉండాలి.

సిరొంచ_డెవ్

గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి రాస్తున్నా. టూల్ గురించి అడిగావు కదా తమ్మీ. నెట్ సరిగా లేని దగ్గర పనిచేసేవాడిగా చెబుతున్నా. నోడ్‌లోనే టెస్ట్ రన్నర్ (టెస్టులని నడిపే టూల్) ఉంది. 2022లో 18వ వెర్షన్‌తో వచ్చింది, 2023లో 20వ వెర్షన్‌కి స్థిరపడింది. వేరే ఏదీ డౌన్‌లోడ్ చేయక్కరలేదు. పన్ను ఫంక్షన్‌కి అది చాలు. రియాక్ట్ భాగానికి వచ్చేసరికి వైటెస్ట్ పెట్టుకో. ప్లేరైట్ తన బ్రౌజర్లు తనే దింపుకుంటుంది, వందల ఎంబీలు. డేటా తక్కువుంటే సెట్టింగ్‌లో ఛానెల్ అన్న చోట క్రోమ్ అని రాస్తే నీ కంప్యూటర్‌లో ఉన్న క్రోమ్‌నే వాడుతుంది.

ఇంకో మాట. మాకు ఇక్కడ కరెంటూ నెట్టూ రెండూ చెప్పకుండా పోతాయి. అందుకే నా టెస్టుల్లో ఏదీ బయటి సర్వర్‌ని ముట్టుకోదు. ఎస్సెమ్మెస్, పేమెంట్ లాంటి బయటి సేవలకి మాత్రమే నకిలీలు పెడతాను. వైఫై ఆపేసి టెస్టులు నడిపి చూడు. ఏవైనా ఫెయిలైతే అవి నీ కోడ్‌ని కాదు, ఇంటర్నెట్‌ని పరీక్షిస్తున్నట్టు. ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అయ్యే టెస్టు ఉంటే కొన్నాళ్లకి ఫెయిల్ అన్న మాటనే ఎవరూ పట్టించుకోరు. ఆ అలవాటు పడితే టెస్టులు ఉన్నా లేనట్టే.

కొత్తకోడ్_పర్లాకిమిడి

అన్నా, మరి డేటాబేస్‌కి కూడా నకిలీ పెట్టనా? ఒక ట్యుటోరియల్‌లో పోస్ట్‌గ్రెస్‌ని పూర్తిగా మాక్ చేశారు.

బ్యాకెండ్_బరంపురం

వద్దు. ఎందుకో ఒక్క ఉదాహరణతో చెబుతాను. పోస్ట్‌గ్రెస్‌లో మొత్తం అన్న కాలమ్‌ని న్యూమరిక్‌గా గానీ బిగింట్‌గా గానీ పెట్టావనుకో. నోడ్‌లో అందరూ వాడే పీజీ లైబ్రరీ ఆ విలువని నంబరుగా ఇవ్వదు, స్ట్రింగ్‌గా (అక్షరాల వరసగా) ఇస్తుంది. అప్పు ఖాతాలో 100 ఉంది, ఇంకో 50 కలపాలి. స్ట్రింగ్‌కి కలిపితే 150 రాదు, 10050 వస్తుంది. మాక్‌లో నువ్వు 100 అని నంబరే రాసి ఉంటావు కాబట్టి టెస్టు హాయిగా పాసవుతుంది. కొట్టులో మాత్రం ఖాతాదారుడికి పది వేల యాభై అప్పు కనిపిస్తుంది. నీది కాని దాన్ని ఊహించి మాక్ చేస్తే ఆ ఊహే టెస్టులోకి వచ్చేస్తుంది.

నీ కంప్యూటర్‌లోనే టెస్టుల కోసం వేరే డేటాబేస్ ఒకటి పెట్టుకో. అసలు డేటా ఉన్నదాని పేరు టెస్టు సెట్టింగ్‌లో ఎక్కడా ఉండకూడదు. ఒక్కో టెస్టు ముందు ట్రాన్సాక్షన్ (డేటాబేస్ మార్పుల కట్ట) మొదలుపెట్టి, అయ్యాక రోల్‌బ్యాక్ చెయ్యి, అంటే ఆ మార్పులన్నీ రద్దు చెయ్యి. అప్పుడు ఒక టెస్టు పెట్టిన బిల్లు ఇంకో టెస్టుకి కనబడదు. టెస్టులని ఏ వరసలో నడిపినా ఒకే ఫలితం రావాలి.

గుణుపురం_క్యూఏ

రోల్‌బ్యాక్ మాట వచ్చింది కాబట్టి, బిల్లు నంబర్లు ఎలా ఇస్తున్నావు? సీరియల్ కాలమ్ (డేటాబేసే వరస నంబరు ఇచ్చే కాలమ్) వాడితే జాగ్రత్త. పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయినా సీక్వెన్స్ (ఆ నంబర్లు ఇచ్చే లెక్క) వెనక్కి రాదు. 41వ బిల్లు సేవ్ అవుతుండగా ఏదో ఎర్రర్ వచ్చిందంటే తర్వాతి బిల్లు 42 అవుతుంది. 41 అనే బిల్లే ఉండదు.

రాయగడ_అకౌంట్స్

అది పెద్ద తలనొప్పి. జీఎస్టీ రూల్స్‌లో 46వ రూలు ప్రకారం బిల్లు నంబర్లు వరసగా ఉండాలి, ఆర్థిక సంవత్సరంలో ఒక నంబరు మళ్లీ రాకూడదు, పదహారు అక్షరాలు దాటకూడదు. మధ్యలో నంబరు కనిపించకపోతే ఆడిటర్ అడిగే మొదటి ప్రశ్న ఆ బిల్లు ఏమైందనే.

కొత్తకోడ్_పర్లాకిమిడి

సీరియల్ కాలమే ఉంది. మార్చేస్తాను. దీనికి టెస్టు ఎలా రాయాలి?

బ్యాకెండ్_బరంపురం

రెండు టెస్టులు. మొదటిది: ఒక బిల్లు సేవ్ చెయ్యి, రెండోది సేవ్ అవుతుండగా కావాలని ఎర్రర్ తెప్పించు, ఉదాహరణకి లేని వస్తువు ఐడీ పెట్టి. తర్వాత మంచి బిల్లు సేవ్ చేసి, నంబరు మొదటిదానికి సరిగ్గా ఒకటి ఎక్కువ ఉందా చూడు. రెండోది: ఇద్దరు ఒకేసారి బిల్లు వేస్తే ఏమవుతుంది? రెండు సేవ్‌లని ప్రామిస్ ఆల్‌లో (Promise.all, పనులని ఒకేసారి నడిపేది) కలిపి వదులు. రెండు నంబర్లూ వేరువేరుగా, పక్కపక్కన ఉండాలి. ఈ రెండిటికీ నేను ఇందాక చెప్పిన రోల్‌బ్యాక్ పద్ధతి కుదరదు, ఎందుకంటే వేరువేరు కనెక్షన్లు కావాలి. వీటికి మాత్రం టేబుళ్లు ఖాళీ చేసి మొదలుపెట్టు.

ముందు ఇప్పుడున్న కోడ్ మీదే ఈ టెస్టులు నడుపు. మొదటిది ఫెయిల్ అవ్వాలి. అది ఎర్రగా రావడం కళ్లతో చూశాకే కోడ్ మార్చు. ఫెయిల్ అవడం చూడని టెస్టుని నేను నమ్మను.

ధర్మాబాద్_ఫ్రంటెండ్

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ నుంచి. నేను రియాక్ట్ వైపు చెబుతా. మేం మరాఠీ, తెలుగు రెండు భాషల్లో ఇంటర్‌ఫేస్ ఇస్తాం. మీకు ఒడియా, తెలుగు ఉంటాయనుకుంటా. కాంపొనెంట్ లోపల స్టేట్ ఎంత ఉంది, ఏ క్లాస్ పేరు ఉంది అని టెస్టు చేయకు. వాడేవాళ్లకి కనిపించేది టెస్టు చెయ్యి: "బిల్లు సేవ్ చెయ్యి" అనే బటన్ ఉందా, నొక్కితే మొత్తం కనిపించిందా. టెస్టింగ్ లైబ్రరీ అనే టూల్‌లో గెట్‌బైరోల్ (బటన్, లింక్ లాంటి పాత్రని బట్టి వెతికేది) దీనికోసమే. దానికి బటన్ దొరకలేదంటే చాలాసార్లు కారణం అది నిజమైన బటన్ కాకపోవడమే, క్లిక్ పెట్టిన డివ్ (మామూలు పెట్టె లాంటి ట్యాగ్) అయి ఉంటుంది. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి కూడా అది బటన్‌గా కనబడదు. టెస్టులో భాష ఏదో ఒకటి ఖాయం చేసుకో, లేకపోతే బ్రౌజర్ భాష మారగానే అన్నీ ఫెయిలవుతాయి.

పేర్ల ఫీల్డు కూడా చూడు. జావాస్క్రిప్ట్ లెక్కలో "పర్లాకిమిడి" పొడవు పదకొండు. మన కంటికి అయిదు అక్షరాలు. పేరుకి ఇరవై అక్షరాల పరిమితి పెట్టి ఇంగ్లిష్ పేరుతో టెస్టు చేస్తే సరిపోయినట్టే ఉంటుంది. తెలుగులోనో ఒడియాలోనో ఇంటిపేరుతో సహా రాస్తే సగంలో తెగిపోతుంది. టెస్టు డేటాలో మీ ఊరి పేర్లే మీ ఊరి లిపుల్లోనే పెట్టు.

కొత్తకోడ్_పర్లాకిమిడి

అన్నా, రేట్లు, పేర్లు అన్నీ ఇంగ్లిష్‌లోనే పెట్టి చూస్తున్నాను ఇంతవరకూ. మార్చుకుంటాను.

ఇంకో సందేహం. ఒక ఫ్రెండ్ ఏఐతో మొత్తం ప్రాజెక్టుకి టెస్టులు రాయించుకున్నాడు. కవరేజ్ 96 శాతం చూపిస్తోంది. నేనూ అలా చేసేస్తే తప్పా?

గుణుపురం_క్యూఏ

కవరేజ్ అంటే టెస్టు నడిచినప్పుడు ఆ లైను నడిచింది అని మాత్రమే. వచ్చిన జవాబుని ఎవరైనా సరిచూశారా అన్నది అది చెప్పదు. ఏ సరిచూపూ లేని టెస్టుతో కూడా కవరేజ్ నూరుకి తీసుకెళ్లొచ్చు. నీ ఫ్రెండ్‌ని ఒక పని చేయమను. పన్ను ఫంక్షన్‌లో కూడిక ఉన్నచోట తీసివేత పెట్టమను, "కన్నా ఎక్కువ" ఉన్నచోట "కన్నా తక్కువ" పెట్టమను. టెస్టులు నడిపితే ఎన్ని ఎర్రబడతాయో చూడమను. ఒక్కటీ ఫెయిల్ కాకపోతే ఆ 96కి విలువ లేదు. ఇలా కోడ్‌ని కావాలని చెడగొట్టి చూసే పద్ధతికి మ్యుటేషన్ టెస్టింగ్ అని పేరు, జావాస్క్రిప్ట్‌కి స్ట్రైకర్ అనే టూల్ ఉంది. మొదట్లో చేత్తో చేసి చూసుకో, బాగా అర్థమవుతుంది.

ఏఐ రాసిన టెస్టుల్లో పెద్ద ప్రమాదం బరంపురం మేడమ్ మొదట్లో చెప్పిందే. అది కోడ్ చదివి టెస్టు రాస్తుంది. కోడ్‌లో అడ్రసు ఖాళీ ఉంటే ఐజీఎస్టీ వేసేటట్టు తప్పుగా ఉంటే, ఆ తప్పే రావాలని టెస్టు రాసి పెడుతుంది. పాతపట్నం ఆవిడ బిల్లు దానికి తెలియదు. సందర్భాలు నువ్వు చెప్పి, జవాబులు బిల్లు పుస్తకంలోంచి నువ్వు ఇచ్చి, టైపింగ్ మాత్రం దానికి అప్పగిస్తే నాకు అభ్యంతరం లేదు.

సిరొంచ_డెవ్

నేను కొంచెం విభేదిస్తా. నేర్చుకునే రోజుల్లో టైపింగ్ కూడా స్వయంగా చేయాలి. టెస్టు రాయడం కష్టంగా ఉందంటే సాధారణంగా కోడ్ చిక్కుపడి ఉందని అర్థం. ఆ కష్టం చేతికి తెలియాలి. ఏఐకి ఆ చిక్కు అడ్డం కాదు, పది మాక్‌లు పెట్టి ఎలాగో రాసేస్తుంది. చిక్కు అలాగే ఉండిపోతుంది.

బ్యాకెండ్_బరంపురం

సిరొంచ తమ్ముడితో ఏకీభవిస్తున్నాను. కనీసం మొదటి ప్రాజెక్టు వరకు.

టెస్టు ముందా, కోడ్ ముందా అన్న ప్రశ్న మిగిలిపోయింది. కెంట్ బెక్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది: ముందు ఫెయిలయ్యే టెస్టు, తర్వాత అది పాసయ్యేంత కోడ్, తర్వాత శుభ్రం చేయడం. పన్ను లెక్క లాంటి, జవాబు ముందే తెలిసిన చోట చక్కగా పనిచేస్తుంది. స్క్రీన్ ఎలా ఉండాలో నీకే ఇంకా తెలియనప్పుడు బలవంతంగా చేయకు. కానీ ఒక్క చోట మాత్రం ఎప్పుడూ టెస్టే ముందు. మావయ్యగారు "ఈ బిల్లు తప్పు వచ్చిందిరా" అని ఫోన్ చేస్తే వెంటనే కోడ్ తెరవకు. ఆ బిల్లునే టెస్టుగా రాయి, ఫెయిల్ అవడం చూడు, అప్పుడు సరిచెయ్యి. ఏడాది తిరిగేసరికి కొట్టులో నిజంగా ఎదురైన సమస్యలన్నీ నీ టెస్టుల్లో ఉంటాయి.

ధర్మాబాద్_ఫ్రంటెండ్

తేదీల సంగతి ఎవరూ ఎత్తలేదు. కోడ్ పుష్ చేయగానే టెస్టులు నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో నడిపితే అక్కడి గడియారం యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం), మనకన్నా అయిదున్నర గంటలు వెనక. మార్చి 31 రాత్రి పన్నెండు దాటగానే మనకి కొత్త ఆర్థిక సంవత్సరం, బిల్లు నంబరు మళ్లీ ఒకటి నుంచి. సర్వర్‌కి అది ఇంకా మార్చి 31 సాయంత్రం 6:30. మనకి తెల్లవారు 5:30 అయ్యేదాకా అది పాత సంవత్సరంలోనే ఉంటుంది. ఫంక్షన్ లోపల "ఇప్పుడు టైమెంత" అని అడగకుండా, టైముని బయటి నుంచి ఇవ్వు. యూటీసీలో 18:29కి ఒక టెస్టు, 18:31కి ఒక టెస్టు. నెలవారీ అప్పు గడువులు ఉంటే జనవరి 31కి ఒక నెల కలిపి చూడు. జావాస్క్రిప్ట్ ఫిబ్రవరిలో ఆగదు, మార్చిలోకి వెళ్లిపోతుంది.

కొత్తకోడ్_పర్లాకిమిడి

జనవరి 31ది ఇప్పుడే చేసి చూశాను. 2024కి మార్చి 2 వచ్చింది! అప్పు ఖాతాలో గడువు తేదీలు ఉన్నాయి, మంచి సమయానికి చెప్పారు అన్నా.

ప్లేరైట్ ఎన్ని రాయాలి? ఇంకా మొదలుపెట్టలేదు.

గుణుపురం_క్యూఏ

తక్కువ. లాగిన్ అయి, రెండు వస్తువులతో బిల్లు వేసి, సేవ్ చేసి, ప్రింట్ పేజీలో మొత్తం కనబడేదాకా ఒకటి. సరుకు వాపసు తీసుకునే దారి ఇంకొకటి. అప్పు ఖాతా వసూలు మరొకటి. పన్ను సందర్భాలన్నీ మళ్లీ బ్రౌజర్‌లో చేయకు, అవి కింద ఫంక్షన్ టెస్టుల్లో అయిపోయాయి. సెలీనియం అనే ఇంకో బ్రౌజర్ టూల్ వాడిన రోజుల్లో బటన్ కనబడేదాకా మూడు సెకన్లు ఆగు, అయిదు సెకన్లు ఆగు అని రాసేవాళ్లం. ప్లేరైట్ తనే ఆగుతుంది, నువ్వు సెకన్లు రాయకు.

సిరొంచ_డెవ్

అలవాటు పడాలంటే చివరిగా ఇది. కమిట్ చేసే ముందు ఫంక్షన్ టెస్టులు నీ కంప్యూటర్‌లోనే నడవాలి, నెట్ లేకపోయినా. పుష్ చేశాక గిట్‌హబ్‌లో అన్నీ నడవాలి. ప్రైవేట్ రిపోకి ఉచిత ప్లాన్‌లో నెలకి 2000 నిమిషాలు ఇస్తారు, నీకు ఎక్కువే. ఎర్రగా ఉన్నప్పుడు కొట్టులోకి డిప్లాయ్ చేయకూడదని నియమం పెట్టుకో. మావయ్య తొందర పెట్టినా సరే.

కొత్తకోడ్_పర్లాకిమిడి

అందరికీ చాలా థాంక్స్. ఆడిటర్‌గారితో మాట్లాడాను. ఆయన ఒక్కో పన్నునీ బిల్లు మొత్తం మీద విడిగా రౌండ్ చేస్తారట, కాబట్టి ఆ 999 బిల్లుకి 24.98, 24.98. టెస్టు పేరు కూడా అదే పెట్టాను. బిల్లు నంబరు టెస్టు మీరు చెప్పినట్టే ముందు ఎర్రగా వచ్చింది. నంబర్లకి ఇప్పుడు వేరే టేబుల్ పెట్టి, అందులోని రో (row)ని ఇంకెవరూ ముట్టుకోకుండా లాక్ చేసి నంబరు తీసుకుంటున్నాను. ఇప్పుడు పాసవుతోంది. ఒకేసారి రెండు బిల్లులు వేసే టెస్టు మాత్రం అప్పుడప్పుడు ఆగిపోతోంది, టైమౌట్ అంటోంది. ఎందుకంటారు?

బ్యాకెండ్_బరంపురం

కనెక్షన్ పూల్ (డేటాబేస్‌కి తెరిచి ఉంచే కనెక్షన్ల గుంపు) సైజు చూడు. టెస్టు సెట్టింగ్‌లో ఒకటే ఉందేమో. లేదా ఎర్రర్ వచ్చిన దారిలో కనెక్షన్‌ని రిలీజ్ చేయడం లేదేమో, ఎర్రర్ వచ్చినా తప్పక నడిచే ఫైనలీ బ్లాకులో పెట్టు. ఈ రెండోది అయితే కొట్టులో కూడా ఇలాగే ఆగిపోతుంది, కాబట్టి టైమౌట్ పెంచి వదిలేయకు. కోడ్‌లో ఆ భాగం ఇక్కడ పెట్టు, చూస్తాను.